అర అంగుళం

అక్టోబరు వస్తే దేగు నగరంలో
గింకో కాయలు బూట్ల కింద చితికి కంపు కొడతాయి.
అప్పుడే నా కొట్టుకి పిల్లలొస్తారు
యూనివర్సిటీ వెనక గేటు నుంచి,
పట్టా మీద సిరా వాసన ఇంకా పోనివాళ్ళు.
నల్ల కోటు రోజుకి ఇంత. టై ఉచితం.
పక్కనే నిలువుటద్దం.
కోటుకే అద్దె, అద్దానికి లేదు.

అందుకని దాని ముందు నిలబడి
పాఠం అప్పజెబుతారు.
ఫోన్లో ఒక్క నిమిషం పెట్టుకుని
తమని తాము పరిచయం చేసుకుంటారు
తమకే.

నా పెదాల మధ్య గుండుసూదులు.
మోకాళ్ళ మీద కూచుని పంట్లాం అంచు మడుస్తూ
అన్నీ వింటాను, ఏమీ అనలేను.
"కఠినమైన నాన్న, మెత్తని అమ్మ నీడలో పెరిగి" అని మొదలెడతారు.
నలుగురిలో ముగ్గురికి అదే నాన్న, అదే అమ్మ.
తరవాత ఉపమానం:
"నేను నీళ్ళలాంటివాణ్ణి, ఏ గిన్నెలో పోస్తే ఆ రూపం."
ఈ నెలలోనే పదకొండు మంది నీళ్ళు.
ఉప్పులు నలుగురు. ఒకమ్మాయి తేనెటీగ.
ప్యో గీఉంగ్ అనే కుర్రాడు, భూగర్భశాస్త్రం చదివాడట,
తాను జిగురునన్నాడు, ఎవరినైనా అతికిస్తాడట;
అంటూనే గొంతు అతుక్కుపోయింది పాపం.
నవ్వితే సూదులు గుచ్చుకుంటాయి. నవ్వలేదు.
ఐదుగురిని ఒకే వరసలో కూచోబెడతారట అక్కడ,
ఎడమ చివర నుంచి మొదలట.
ఐదో కుర్చీ దాకా వచ్చేసరికి
ఎన్ని బిందెలు ఒలికి ఉంటాయో ఆ గదిలో.

తాక్ యోరుమ్ మంగళవారం వచ్చింది.
నీటి సరఫరా ఆఫీసులో ఇంటర్వ్యూ.
తనూ నీళ్ళే. కనీసం ఆ కొలువుకి నప్పింది.
"నేను..." అని ఆగిపోతుంది. మళ్ళీ "నేను..."
చీకట్లో మెట్టు తప్పినట్టు ప్రతిసారీ అక్కడే.
చెయ్యి వణికి
కఫ్ బొత్తాం అద్దం చట్రానికి టకటకమంటోంది.
ఆరోసారి గంట మోగాక
కిందికి, నా వైపు చూసి అడిగింది:
"పిన్నీ, నువ్వైతే ఏం చెబుతావు?"

ముప్పై ఒక్కేళ్ళ కొట్టు.
ఎన్ని భుజాలు కొలిచానో,
నా మీద ఎవరూ టేపు పెట్టలేదు.
సూదులు ఒక్కోటీ తీసి దిండుకి గుచ్చాను.
ఎంతసేపు పట్టిందో, ఫోను ఆపేసి ఉంది, తెలీదు.
"బాంగ్ మల్సున్‌ని," అన్నాను.
"చేతులు వణికేవాళ్ళకి
కఫ్ అర అంగుళం పొడుగు వదులుతాను.
వాళ్ళకి చెప్పను."

తను తన కఫ్ చూసుకుంది.
నేను నాలిక్కరుచుకున్నాను.

చాలాసేపటికి, అద్దం వైపు కాదు,
ఇస్త్రీపెట్టె వైపు తిరిగి మామూలు గొంతుతో అంది:
"రెండు వేసవులు కొండవాడలో
నీటి మీటర్లు చూశాను, రోజుకూలీకి.
ఎవరూ లేని ఇంట్లో ముల్లు తిరుగుతోంది.
కాపురం ఎత్తేసి ఏడాది.
అంకె రాసుకుని పోవచ్చు. పోలేదు.
పెరట్లో కిమ్చీ జాడీల పక్కన మట్టికి చెవి ఆనించాను.
వినబడింది.
గోడ అవతల ముసలాయన తన గది చెమ్మకి
ఏడాదిగా వానని తిడుతున్నాడు.
అంతే."
ఆ "అంతే" తీసెయ్యమన్నాను.

శుక్రవారం కోటు తిరిగొచ్చింది. తను రాలేదు,
తమ్ముడెవరో తెచ్చాడు. ఏమైందని అడగలేదు;
నా రసీదులో ఆ గడి లేదు.
జేబులో మడిచిన కాగితం:
కఠినమైన నాన్న కొట్టివేత, మెత్తని అమ్మ కొట్టివేత,
నీళ్ళకి మాత్రం రెండు గీతలు.
కుడి కఫ్ అంచున ముడతలు,
వేళ్ళు లోపలికి లాక్కుని పట్టుకున్న ముడతలు.

ఆవిరి పట్టి వాటిని తీసేశాను.
మధ్యాహ్నం వచ్చిన కుర్రాడిది అదే సైజు,
రాయిలాంటి చేతులు.
అర అంగుళం మళ్ళీ లోపలికి మడిచి వదులుగా కుట్టాను,
రేపు ఎవరికైనా విప్పేందుకు.
అతను ఫోను నొక్కాడు.
"నేను గాలిలాంటివాణ్ణి," అన్నాడు.